భయం మన ఇంటి పెద్ద కాకూడదు

(దసరా సెలవులకు ముందు హైదరాబాద్ పాతబస్తీలో జరిగిన కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





దసరా సెలవులు దగ్గర పడ్డాయి. ఇక ప్రతి ఇంట్లోనూ పిల్లలు అడిగే మాట ఒకటే: "అబ్బా, ఎక్కడికైనా తీసుకెళ్ళండి." దానికి మనం చెప్పే జవాబు కూడా ఏళ్ళ తరబడి ఒకటే: "హాలాత్ బాగాలేవు బేటా, తరువాత చూద్దాం." ఈ హాలాత్ ఎప్పుడు బాగుంటాయో మనమెవరమూ చెప్పలేదు. పిల్లలు అడగడం మానేసేవరకు అవి బాగుపడవు.

నిర్వాహకులు మాకు అప్పగించిన విషయం ఇదే. ఎక్కడ బాంబు పేలుతుందో, ఎవరు తుపాకీ ఎత్తుతారో తెలియని కాలంలో కుటుంబాన్ని వెంటబెట్టుకొని విహారానికి వెళ్ళాలా, వద్దా? రిజర్వేషన్లు, వక్ఫ్ ఆస్తులు, ఉపకార వేతనాలు వంటి పెద్ద సమస్యలు ఉండగా పార్కుకు వెళ్ళడం గురించి ప్రసంగమా అని కొందరికి అనిపించవచ్చు. మొదట మాకూ అలాగే అనిపించింది. కానీ ఈ ఊరిలో మన ఆడపిల్లలు ఎక్కడ నిలబడగలరు, ఎక్కడ పరుగెత్తగలరు, ఎక్కడ గట్టిగా నవ్వగలరు అన్నది కూడా హక్కుల విషయమేనని ఆలోచించిన కొద్దీ తెలిసింది. అందుకే ఈ బాధ్యత తీసుకున్నాము.

ఆ శనివారం సాయంత్రం

మా ఇంటి నుంచే మొదలుపెడతాము. 2007 ఆగస్టు 25, శనివారం. మా అమ్మాయికి అప్పుడు 7 ఏళ్ళు. మరునాడు ఆదివారం లుంబినీ పార్కుకు తీసుకువెళ్ళి హుస్సేన్ సాగర్‌లో పడవ ఎక్కిస్తామని మాట ఇచ్చాము. ఆమె అప్పటికే కొత్త ఫ్రాకు మడతపెట్టి దిండు పక్కన పెట్టుకుంది. చెప్పులు గుమ్మం వైపు తిప్పి ఉంచింది.

ఆ సాయంత్రం లుంబినీ పార్కులో లేజర్ ప్రదర్శన చూస్తున్న జనం మధ్య బాంబు పేలింది. కొద్ది నిమిషాల తేడాతో కోఠిలోని గోకుల్ చాట్ దగ్గర మరొకటి పేలింది. రెండు చోట్లా కలిపి 42 మంది ప్రాణాలు కోల్పోయారు. వారు అక్కడికి వెళ్ళింది యుద్ధానికి కాదు. మనం వెళ్ళే పనికే వెళ్ళారు. నీళ్ళ మీద వెలుగులు చూడడానికి, స్నేహితులతో నిలబడి ఇంత చాట్ తినడానికి.

అప్పటికి మూడు నెలల క్రితమే, మే 18న, జుమా నమాజు వేళ మక్కా మసీదులో పేలుడు జరిగింది. పేలుడులో 9 మంది, ఆ వెంటనే జరిగిన పోలీసు కాల్పుల్లో మరో 5 గురు చనిపోయారు. మసీదుకు వెళ్ళినవాడు తిరిగి రాలేదు. పార్కుకు వెళ్ళినవాడూ తిరిగి రాలేదు. ఇక ఇంట్లో ఉండడమే మేలని మేము నిశ్చయించుకున్నాము. అమ్మాయితో "వచ్చే ఈద్‌కు వెళ్దాం" అన్నాము. ఆ ఈద్ వచ్చింది, పోయింది. ఎన్నో ఈద్‌లు వచ్చాయి, పోయాయి. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్ళు జరిగినప్పుడు "చూశావా, మేము అన్నదే నిజమైంది" అన్నాము. అప్పటికి ఆమెకు 13 ఏళ్ళు దాటుతున్నాయి. అడగడం ఎప్పుడో మానేసింది.

ఇక్కడ మేము ఒక మాట ఒప్పుకోవాలి. అదే కాలంలో మా అబ్బాయిలు స్నేహితులతో బండ్ల మీద ట్యాంక్ బండ్‌కు వెళ్ళి వస్తూనే ఉన్నారు. "జాగ్రత్త" అనడం తప్ప వారిని మేము ఆపలేదు. భయం ఇంటి మొత్తానికి అన్నాము గాని, దాని బరువంతా ఒక్క ఆడపిల్ల మీద పెట్టాము.

ఇప్పుడు ఆమెకు 25 ఏళ్ళు. తానూ ఒక తల్లి. ఈ మధ్య పుట్టింటికి వచ్చినప్పుడు మాటల్లో మాటగా చెప్పింది: "అమ్మీ, పాపను ఆ పడవ ఎక్కించాను. మీకు చెప్పలేదు. చెబితే వద్దంటారని." మేమిద్దరమూ చాలాసేపు ఏమీ అనలేకపోయాము. మా భయం ఆమెను కాపాడలేదు. మాకు చెప్పకుండా వెళ్ళడం మాత్రం నేర్పింది. నిజంగా ఏదైనా జరిగి ఉంటే, తల్లీబిడ్డలు ఎక్కడున్నారో కూడా మాకు తెలిసేది కాదు.

మనకున్నవి రెండు భయాలు

అందరికీ ఉన్న భయం ఒకటి: బాంబు భయం. అది మతం అడగదు. కోఠిలో నిలబడ్డ ప్రతి మనిషికీ అది ఒకటే.

రెండవది మనకు మాత్రమే ఉన్న భయం: బాంబు పేలిన మరునాటి భయం. పేపరులో ఏ పేరు వస్తుందోనని తెల్లవారుజామున లేచి కూర్చునే భయం. ఆ పేరు మనదైతే, బస్సులో పక్కవాడు జరిగి కూర్చుంటాడేమోనన్న భయం.

ఈ భయం ఊరికే పుట్టలేదు. మక్కా మసీదు పేలుడు తరువాత ఈ నగరంలో పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకుపోయారు. హింసించారన్న ఆరోపణలు వచ్చాయి. వారి మీద పెట్టిన కేసులు కోర్టులో నిలబడలేదు. ఆ తరువాత ప్రభుత్వమే 70 మందికి కలిపి 70 లక్షల రూపాయల పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదని కొట్టివేసింది. ఇక మక్కా మసీదు కేసులో విచారణ ఎదుర్కొన్న అయిదుగురినీ 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక న్యాయస్థానం నిర్దోషులుగా విడుదల చేసింది. చనిపోయినవారి కుటుంబాలకు ఎవరు చంపారన్న జవాబు నేటికీ దొరకలేదు.

అయితే న్యాయంగా మాట్లాడాలంటే రెండో వైపు కూడా చెప్పాలి. లుంబినీ పార్కు, గోకుల్ చాట్ కేసులో 2018 సెప్టెంబరులో శిక్షలు పడినవారి పేర్లు మన పేర్లే. ఆ నిజాన్ని దాచి మన హక్కుల గురించి మాట్లాడితే ఆ మాటకు విలువ ఉండదు. అమాయకులను చంపినవాడు మనవాడు కాడని చెప్పడం తేలిక. వాడు మన పేరు పెట్టుకొని మన పిల్లలకూ ద్రోహం చేశాడని చెప్పడం అవసరం.

మన రెండవ భయం ఎలా పనిచేస్తుందో ఒక చిన్న సంఘటన చెబుతాము. కొన్నేళ్ళ క్రితం నగరంలోని ఒక వినోద స్థలానికి మా బంధువుల కుటుంబంతో వెళ్ళాము. గేటు దగ్గర మా ముందు వెళ్ళినవారి సంచులు ఎవరూ చూడలేదు. మా వంతు రాగానే బురఖాలో ఉన్న మా ఆడవారిని పక్కకు నిలబెట్టి, బిర్యానీ డబ్బా మూత కూడా తీయించారు. తనిఖీ చేయడం తప్పు కాదు. అందరికీ చేస్తే మేమే ముందు చేతులు చాస్తాము. తప్పు ఆ తేడాలో ఉంది. మా వెంట 14 ఏళ్ళ కుర్రవాడు ఉన్నాడు. ఆ రోజంతా వాడు అన్నం ముట్టలేదు. మరోసారి బయలుదేరుదామంటే "నేను రాను" అన్నాడు. వాడిని బాంబు భయపెట్టలేదు. ఆ డబ్బా మూత భయపెట్టింది.

జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదికలో ఇదే సంగతి ఉంది. బురఖా, గడ్డం, టోపీ వంటి గుర్తుల వల్ల బజారులో, ఆస్పత్రిలో, బస్సులో ఎదురయ్యే అమర్యాద గురించి ముస్లింలు కమిటీకి చెప్పుకున్నారు. భద్రత కోసమని ముస్లింలు తమవారి మధ్యనే ఇరుకిరుకుగా సర్దుకుంటున్నారని కూడా ఆ నివేదిక గుర్తించింది. విహారం మానుకోవడం ఆ సర్దుకోవడంలో చివరి మెట్టు. ఇల్లు మారనక్కరలేదు. ఇంట్లోనే బస్తీ ఇంకా చిన్నదైపోతుంది.

భయాన్ని తూచి చూడాలి

మొదటి భయాన్ని, అంటే బాంబు భయాన్ని, తక్కెడలో వేసి చూద్దాం. ప్రాణం పోయిన ఇంటికి లెక్కలు ఓదార్పు ఇవ్వవు. ఆ 42 ఇళ్ళలో ఏ ఒక్క తల్లి ముందూ మేము ఈ అంకెలు చదవము. కానీ ఇంట్లో నిర్ణయం తీసుకునేవారికి అంకెలు అవసరం.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. అంటే రోజుకు సగటున 460 మందికి పైగా. వీరిలో అన్ని వర్గాలకంటే ఎక్కువ మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్ళినవారు. సుమారు 50 వేల మంది హెల్మెట్ పెట్టుకోనివారు. మనం ఏం చేస్తున్నాము? పార్కులో బాంబు ఉంటుందేమోనని పార్కు మానేస్తున్నాము. అదే సాయంత్రం ఒకే బండి మీద భార్యను, ఇద్దరు పిల్లలను ఎక్కించుకొని, తలకు ఏమీ లేకుండా అత్తవారింటికి దావత్‌కు వెళుతున్నాము. అరుదైన ప్రమాదానికి వణికిపోయి, రోజువారీ ప్రమాదాన్ని చంకన పెట్టుకు తిరుగుతున్నాము.

ఇది మన ఒక్కరి బలహీనత కాదు. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత అమెరికాలో అనేకమంది విమానాలు మాని కార్లలో దూర ప్రయాణాలు చేశారు. గెర్డ్ గిగెరెంజర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఆ మరుసటి 12 నెలల రోడ్డు మరణాలను పరిశీలించి, ఈ మార్పు వల్ల సుమారు 1,500 మంది అదనంగా చనిపోయి ఉంటారని అంచనా వేశారు. భయం వారిని ఒక ప్రమాదం నుంచి తప్పించి, దానికంటే పెద్ద ప్రమాదంలోకి నడిపించింది.

ఉగ్రవాది కోరుకునేది కూడా ఇదే. వాడు చంపగలిగేది కొద్దిమందిని. మిగిలిన కోట్లమందిని వాడు చంపలేడు గనుక ఇళ్ళలో బంధించాలని చూస్తాడు. మన గుమ్మానికి మనమే గడియ పెట్టుకుంటే వాడి పని పూర్తయినట్లే.

సర్గ్ దగ్గర ఒక నిర్ణయం

అలాగని కళ్ళు మూసుకొని బయలుదేరమని మేము చెప్పడం లేదు. "అల్లాహ్ రాసింది జరుగుతుంది" అని చెప్పి జాగ్రత్తలు వదిలేసేవారు మనలో ఉన్నారు. వారికి హజ్రత్ ఉమర్ (రజి) జీవితంలోని ఒక ఘట్టం గుర్తు చేయాలి.

ఖలీఫాగా ఉన్న కాలంలో ఆయన షామ్ దేశానికి బయలుదేరారు. సర్గ్ అనే చోటికి చేరేసరికి సేనాధిపతులు ఎదురు వచ్చి, షామ్‌లో ప్లేగు వ్యాపించిందని చెప్పారు. ఆయన ఒక్కరే నిర్ణయం తీసుకోలేదు. మొదట ముహాజిర్లను పిలిచి అడిగారు. వారిలో భేదాభిప్రాయం వచ్చింది. తరువాత అన్సార్లను అడిగారు. వారిలోనూ అలాగే వచ్చింది. చివరకు ఖురైష్ పెద్దలను అడిగితే, జనాన్ని ప్రమాదంలోకి తీసుకువెళ్ళకుండా వెనుదిరగాలని వారంతా ఒకే మాటగా చెప్పారు. ఆయన వెనుదిరగాలని ప్రకటించారు. అల్లాహ్ విధి నుంచి పారిపోతారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. అల్లాహ్ విధి నుంచి అల్లాహ్ విధి వైపే వెళుతున్నామని ఆయన సమాధానం. ఒక లోయకు ఒక పక్క పచ్చిక, మరో పక్క బీడు ఉంటే, ఒంటెలను ఏ పక్క మేపినా అది అల్లాహ్ విధి ప్రకారమే కదా అని ఉపమానం చెప్పారు. ఆ తరువాత హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, ప్లేగు ఉన్న చోటికి వెళ్ళవద్దని, మీరున్న చోట అది వస్తే పారిపోవద్దని దైవప్రవక్త (స) చెప్పిన మాటను తెలియజేశారు.

ఈ ఘట్టంలో మన ఇళ్ళకు మూడు పాఠాలు ఉన్నాయి. వారు భయపడింది ఊహకు కాదు, ఎదురుగా ఉన్న నిజమైన ప్రమాదానికి. నిర్ణయం సంప్రదింపుతో జరిగింది, పెద్దవాడి గద్దింపుతో కాదు. వెనుదిరగడం పిరికితనంగా ఎవరూ భావించలేదు. ఇంకొకటి కూడా గమనించాలి. ఆయన మదీనా నుంచి బయలుదేరారు. సర్గ్ దాకా వచ్చారు. కబురు తెలిసిన తరువాతనే ఆగారు. ఏ కబురూ లేకుండా ఇంట్లోనే కూర్చోలేదు.

పహల్గామ్ తరువాత

ఈ పాఠాన్ని మన కాలానికి అన్వయించుకుందాం. 2025 ఏప్రిల్ 22న కాశ్మీర్‌లోని పహల్గామ్ దగ్గర బైసరన్ మైదానంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. మతం అడిగి మరీ పురుషులను చంపారు. భార్యాబిడ్డల కళ్ళ ముందు చంపారు. మృతుల్లో మన తెలుగువారూ ఉన్నారు. పర్యాటకులను కాపాడబోయిన స్థానిక గుర్రపు స్వారీ కార్మికుడు సయ్యద్ ఆదిల్ హుస్సేన్ షా కూడా ప్రాణాలు అర్పించాడు. మరునాడు కాశ్మీర్ లోయలో ఆ హత్యలకు నిరసనగా దుకాణాలు మూతపడ్డాయి. ఆ తరువాతి రోజుల్లో కొన్ని రాష్ట్రాల్లో చదువుకుంటున్న కాశ్మీరీ విద్యార్థులు వేధింపులు ఎదుర్కొన్నారు. రెండు భయాలూ ఒకే వారంలో మళ్ళీ ఎదురుగా వచ్చి నిలిచాయి.

మా పరిచయస్తుల కుటుంబం ఒకటి మే నెలలో శ్రీనగర్ వెళ్ళడానికి టిక్కెట్లు తీసుకొని ఉంది. వెళ్ళాలా వద్దా అని మమ్మల్ని అడిగారు. వద్దన్నాము. అప్పటికి ప్రభుత్వమే అక్కడి 48 పర్యాటక స్థలాలను మూసివేసింది. సరిహద్దులో ఉద్రిక్తత పెరుగుతోంది. అది ఊహ కాదు, సర్గ్ దగ్గర వచ్చిన కబురు లాంటిది. జూన్‌లో ఆ స్థలాల్లో కొన్నింటిని తిరిగి తెరిచారు. ఆ కుటుంబం ఇప్పుడు మళ్ళీ అడుగుతోంది. ఇప్పుడు మా జవాబు వేరు. మళ్ళీ కబుర్లు తెలుసుకోండి, ఇంట్లో అందరూ కూర్చొని తూచండి, వీలైతే వెళ్ళండి అంటున్నాము. సందర్శకులు రాక అక్కడి గుర్రపు కార్మికుల పొయ్యి వెలగకపోతే, ఆ నష్టం కూడా హంతకుల లెక్కలోనే చేరుతుంది.

ఇంట్లో వేసుకోవలసిన నాలుగు ప్రశ్నలు

ఈ సెలవుల్లో మీ ఇంట్లో ప్రయాణం మాట వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది: మనం వెళ్ళాలనుకున్న చోట, వెళ్ళాలనుకున్న రోజున, ఫలానా ప్రమాదం ఉందని నమ్మదగిన సమాచారం ఉందా? ప్రభుత్వ హెచ్చరిక, కర్ఫ్యూ, దారిలో ఉద్రిక్తత ఉంటే మరో రోజు చూసుకోండి, లేదా మరో చోటు చూసుకోండి. వాట్సాప్‌లో ఎవరో పంపిన గొంతు రికార్డు నమ్మదగిన సమాచారం కాదు. దాన్ని ఇంకొకరికి పంపకండి.

రెండవది: మనం భయపడుతున్న ప్రమాదం కంటే, మనం పట్టించుకోని ప్రమాదం పెద్దదా? రోడ్డు, నీరు, తొక్కిసలాట, ఈ మూడింటి గురించి ముందు ఆలోచించండి.

మూడవది: వెళ్ళకపోతే నష్టపోయేది ఎవరు? మగవారికి హోటలు ఉంది, అంగడి ఉంది, స్నేహితుల అరుగు ఉంది. నాలుగు గోడల మధ్య ఉండే దాదీకి, వంటింట్లోనే పొద్దు గడిచే కోడలికి, చదువుకునే ఆడపిల్లకు ఏడాదికి రెండు మూడు సార్లు దొరికే గాలి ఇదే. జనవరిలో నాంపల్లి నుమాయిష్‌లో మహిళల కోసం ప్రత్యేకంగా ఒక రోజు ఉంటుంది. ఆ రోజు కోసం మన తల్లులు ఎన్ని నెలలు ఎదురు చూసేవారో గుర్తు చేసుకోండి. ఆ ఒక్క రోజును కూడా "హాలాత్" మింగేయకూడదు.

నాలుగవది: ఈ నిర్ణయంలో వారి మాట ఎవరైనా అడిగారా? వద్దు అనే నిర్ణయమైనా సరే, కారణం చెప్పి, పిల్లలు చెప్పేది విని తీసుకుంటే వారు మన దగ్గర దాచరు. మేము మా అమ్మాయిని అడగలేదు. ఆ ఫలితం మీకు చెప్పాము.

బయలుదేరే ముందు

ఒంటెను ముందు కట్టి, ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) బోధించారు. మన ఒంటెను కట్టే తాళ్ళు ఇవి.

ఎక్కడికి వెళుతున్నారో, ఎప్పుడు తిరిగి వస్తారో ఇంట్లో ఉండేవారికి చెప్పండి. చిన్నపిల్లల జేబులో ఇంటి పెద్దల ఫోను నంబరు రాసిన చీటీ పెట్టండి. లోపలికి వెళ్ళగానే బయటికి వచ్చే దారులు చూసుకోండి. తప్పిపోతే అందరూ కలుసుకునే చోటు ఒకటి నిర్ణయించుకోండి. ఈద్ మరునాడు జూ పార్కులో ఉండే రద్దీ మీకు తెలుసు. వీలైతే ఆ రోజు మాని మూడు రోజుల తరువాత వెళ్ళండి. పిల్లలు తప్పిపోతే 1098కి, ఏ అత్యవసరమైనా 112కి ఫోను చేయండి.

ఎవరిదో తెలియని సంచి కనిపిస్తే ముట్టుకోకండి. దూరంగా జరిగి, అక్కడి కాపలాదారుకో పోలీసుకో చెప్పండి. ఈ మాట చెప్పగానే మన యువకుల ముఖాలు చిన్నబోవడం మాకు కనిపిస్తోంది. "చెప్పినవాడినే అనుమానిస్తే?" అని వారి మనసులో ఉంది. ఆ భయం అర్థం లేనిది కాదు. కానీ ఆ సంచి పక్కన ఎవరి బిడ్డ ఆడుకుంటోందో తెలియదు. ఒంటరిగా కాకుండా పెద్దలతో కలిసి వెళ్ళి చెప్పండి. మీ పేరు దాచకుండా చెప్పండి. ఏ సమయంలో ఎవరికి చెప్పారో గుర్తు పెట్టుకోండి. మౌనంగా తప్పుకుపోవడం కంటే అదే మీకు రక్షణ.

ఎవరైనా ఆపితే

దేశమంతటా స్వేచ్ఛగా తిరిగే హక్కును రాజ్యాంగంలోని 19వ అధికరణ ప్రతి పౌరుడికీ ఇచ్చింది. గేటు దగ్గర అందరికీ తనిఖీ ఉంటే మనమూ సహకరిద్దాం. స్త్రీలను పోలీసులు సోదా చేయవలసి వస్తే మరో స్త్రీయే, మర్యాదగా చేయాలి. మనల్ని మాత్రమే ఆపితే గొడవ పడకండి, తిట్టకండి. "అందరినీ చూస్తున్నారా?" అని నెమ్మదిగా అడగండి. తేదీ, సమయం, స్థలం రాసుకొని ఇంటికి వచ్చాక ఆ సంస్థకు, అవసరమైతే మైనారిటీ కమిషన్‌కు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. కోపం ఆ పూటకు చల్లారిపోతుంది, కాగితం నిలుస్తుంది.

ఎవరినైనా అరెస్టు చేస్తే కారణం చెప్పాలి. న్యాయవాదిని సంప్రదించే అవకాశం ఇవ్వాలి. ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరు పరచాలి. ఇవి 22వ అధికరణ ఇచ్చిన రక్షణలు. అరెస్టు సంగతి బంధువులకు తెలియజేయాలని డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. సాక్ష్యం కోసమని స్త్రీలను, 15 ఏళ్ళ లోపు బాలురను, 60 ఏళ్ళు దాటిన పురుషులను స్టేషనుకు రమ్మని బలవంతం చేయకూడదు. వారు ఉండే చోటికే వెళ్ళి విచారించాలి. ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరు ఉంది. స్త్రీలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ సహాయం అందుతుంది. ఈ సంగతులు మీ పిల్లలకు బయలుదేరే ముందు ఒక్కసారి చెప్పండి. భయపెట్టడానికి కాదు. తెలిసినవాడు తక్కువ భయపడతాడు.

డబ్బా మూత చూసి అన్నం మానేసిన ఆ కుర్రవాడికి మేము ఈ మాటలు ఆ రోజు చెప్పలేదు. చాలా ఆలస్యంగా చెప్పాము. ఇప్పుడు వాడు న్యాయశాస్త్రం చదువుతున్నాడు. ఈ మధ్యనే మా ఇంటికి వచ్చి, "ఆ గేటు దగ్గరికి మళ్ళీ ఒకసారి వెళ్దామా?" అని తానే అడిగాడు.

సోదరీ సోదరులారా, ఏమీ జరగదని మేము మీకు హామీ ఇవ్వలేము. ఆ హామీ మన ఇంటి గుమ్మం లోపల కూడా ఎవరూ ఇవ్వలేరు. మేము అడిగేది ఒక్కటే. వెళ్ళాలా వద్దా అన్నది మీరు ఆలోచించి, ఇంట్లో అందరినీ అడిగి, మీరే నిర్ణయించండి. మీ తరఫున భయాన్ని నిర్ణయించనివ్వకండి.

ఈ ఆదివారం అసర్ నమాజు తరువాత మేము లుంబినీ పార్కుకు వెళుతున్నాము. మేమిద్దరము, మా అమ్మాయి, అల్లుడు, మనవరాలు, ఆ కుర్రవాడు. 18 ఏళ్ళ క్రితం ఇచ్చిన మాట ఒకటి బాకీ ఉంది. పడవ ఎక్కే ముందు, అక్కడ ప్రాణాలు కోల్పోయినవారి కోసం, వారి మతం ఏదైనా, వారి ఇళ్ళవారికి సహనం కలగాలని దుఆ చేస్తాము. మీలో ఎవరైనా రాదలచుకుంటే రండి. పిల్లలను తీసుకురండి. అన్నం డబ్బాలు మరచిపోకండి.

అల్లాహ్ మన నగరాన్ని, మన దేశాన్ని, ఇక్కడ నివసించే ప్రతి ఒక్కరినీ శాంతిభద్రతలతో ఉంచుగాక. మన పిల్లలు మన దగ్గర ఏదీ దాచవలసిన అవసరం లేని ఇళ్ళను మనకు ప్రసాదించుగాక. ఆమీన్.

వస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహ్.